గేరు రాడ్డు మీద మా చెయ్యి వుండనివ్వండి

"ఆడవాళ్ళకి ఆటోమేటిక్కే సుఖమండీ" అన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో గాని, ఆ మహానుభావుడికి దూరం నుంచే ఒక నమస్కారం. కారు కొందామని ఏ షోరూముకి వెళ్ళినా ఇదే వరస. మెళ్ళో టై కట్టిన కుర్రాడు మావారితో ఇంజను గురించి మాట్లాడతాడు, నాతో సీటు కవర్ల రంగు గురించి మాట్లాడతాడు. నన్ను మరీ గౌరవించాలనిపిస్తే, "మేడమ్‌కయితే ఆటోమేటిక్ వుంది సార్, క్లచ్చు బాధ వుండదు" అంటాడు. అదీ మావారి వైపు తిరిగి! క్లచ్చు బాధగా వుందని నేనెప్పుడన్నాను నాయనా? పాతికేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు ఇది. దీనికి క్లచ్చు ఒక లెక్కా?

ఆటోమేటిక్ బళ్ళ మీద నాకేం కక్ష లేదు, ముందే చెబుతున్నాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ, రోజూ పొద్దున్నే అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఈదుకుంటూ పోయేవాళ్ళూ నిక్షేపంగా కొనుక్కోండి. నా తగువంతా వేరే రకం బళ్ళ గురించి. కేవలం సరదాగా నడుపుకోవడానికని చేసే చిన్న బళ్ళు కొన్ని వుంటాయి. పైకి మన వీధిలో నిలబడ్డ మామూలు బండిలాగే వుంటుంది, లోపల మాత్రం కాస్త పొగరు దాచుకుని వుంటుంది. ఇంగ్లీషువాళ్ళు వీటికి 'హాట్ హాచ్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అలాంటి బళ్ళలోంచి కూడా గేరు రాడ్డు పీకేస్తున్నారు. ఇదేమిటయ్యా అంటే రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. ఆటోమేటిక్కే వేగంగా పోతుందిట. గేర్లు మార్చుకునే ఓపిక ఇప్పుడెవరికీ లేదుట, ముఖ్యంగా ఆడవాళ్ళకి లేదుట. మొదటిది చాలావరకు నిజమే, ఒప్పుకుంటాను. రెండోదే నాకు ఒళ్ళు మండే మాట.

అసలు గేరెందుకు? తిరుమల మెట్లెక్కినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి అడుగు దానంతటదే చిన్నదైపోతుంది. చిన్న అడుగులు ఎక్కువ వేసి, అదే ఒంటిని అదే బలంతో పైకి లాక్కుపోతాం. చదునుకొచ్చాక అంగలు వేస్తాం. ఇంజను కూడా అంతే. దానికి ఒంట్లో సత్తువ నిమిషానికి ఇన్ని చుట్లు తిరుగుతున్నప్పుడే వుంటుంది, అంతకన్నా తక్కువ తిరిగితే నీరసం, మరీ ఎక్కువైతే ఆయాసం. అది ఎప్పుడూ ఆ సత్తువున్న చోటే తిరిగేలా చూసుకోవడమే గేర్లు మార్చడం.

పెద్ద ఇంజనుకి ఈ గొడవ అంతగా పట్టదు. అది జమీందారీ కొంప. ఏ గేరులో వున్నా సరే, ఆక్సిలేటరు మీద కాలు పెడితే లాగేస్తుంది. చిన్న ఇంజను అలా కాదు, అది మన మధ్యతరగతి సంసారం. ఒకటో తారీఖున వచ్చింది ముప్ఫయ్యో తారీఖు దాకా రావాలి. పాలవాడికెప్పుడివ్వాలి, కిరాణా కొట్టుకెప్పుడివ్వాలి, పిల్లల ఫీజుకి ఎంత పక్కన పెట్టాలి, ఇదంతా తెలిసి ఖర్చు పెడితేనే ఆ వచ్చినదానితో దర్జాగా బతకొచ్చు. అందులో వుండే ఆనందం జమీందారుకేం తెలుసు! వెయ్యి సీసీల బండిని సరైన గేరులో, సరైన చోట, దాని శక్తంతా పిండుకుని పరుగెత్తించడం కూడా అలాంటి ఆనందమే. గేరు రాడ్డు అంటే ఆ సంసారంలో పర్సు అన్నమాట. పర్సు ఇంకొకరి చేతిలో పెట్టి ఇల్లు గుట్టుగా నడపమంటే ఎలా కుదురుతుందో మీరే చెప్పండి.

మా మరిదికి ఈ మాట చెబితే పడీపడీ నవ్వాడు. "వెయ్యి సీసీ కూడా ఇంజనేనా వదినా, అది నీ కుట్టుమిషను!" అన్నాడు. ఆయనగారు రెండు వేల సీసీల ఆటోమేటిక్ కొన్నాడు లెండి. సందు చివర్న తిప్పడానికి మూడుసార్లు వెనక్కీ ముందుకీ ఆడిస్తాడు. పెద్ద ఇంజనే మగతనం అనుకునే ఈ జాతికి నేను చెప్పేది ఒక్కటే, కాస్త పాత లెక్కలు తిరగెయ్యమని.

ఇంగ్లండులో 1959లో 'మినీ' అని ఒక బుల్లి కారొచ్చింది. అలెక్ ఇస్సిగోనిస్ అనే ఆయన గీసిన బండి. ఇంజను 848 సీసీ, అంటే మన మారుతీ 800కి పెద్దన్నయ్య అనుకోండి. రేసు కార్లు చేసే జాన్ కూపర్ దాన్ని చూసి ముచ్చటపడి కాస్త పదును పెట్టిస్తే, 1961లో మినీ కూపర్ అయింది. 997 సీసీలు, 55 గుర్రాల శక్తి. అంతే! ఆ బండికి మొట్టమొదటి పెద్ద అంతర్జాతీయ ర్యాలీ గెలుపు తెచ్చిపెట్టిందెవరో తెలుసా? పాట్ మాస్ అనే అమ్మాయి. 1962లో, హాలెండు వాళ్ళ ట్యులిప్ ర్యాలీలో. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పింది కూడా ఆడదే, ఆన్ విజ్‌డమ్. వీళ్ళిద్దరే అంతకు రెండేళ్ళ ముందు, 1960లో, లీజ్-రోమ్-లీజ్ అనే ఘోరమైన ర్యాలీని ఆస్టిన్ హీలీ బండిలో మొత్తం మగవాళ్ళని వెనక్కి నెట్టి గెలిచారు. పాట్ మాస్ అన్నగారు స్టిర్లింగ్ మాస్ కూడా పేరుమోసిన రేసు డ్రైవరే. 'ఫలానావారి చెల్లెలు' అని పత్రికలవాళ్ళు రాయకుండా వుంటారా? రాశారు. అది ఏ దేశంలోనైనా తప్పదు కదా!

1964లో అదే మినీ, 1071 సీసీ ఇంజనుతో, మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్ ఇంజను దీనికి నాలుగు రెట్లకు పైనే. లెక్కలు కట్టే సూత్రంలో చిన్న ఇంజన్లకి కొంత వెసులుబాటు వుంది లెండి, లేదనను. మా మరిది ఆ పాయింటు పట్టుకుంటాడని ముందే చెబుతున్నాను. కాని 1965లోనూ, మళ్ళీ 1967లోనూ మాంటీ కార్లో మినీదే. ఇక 1981లో ఇటలీలో సాన్రెమో ర్యాలీ. మిషెల్ మూటన్ అనే ఫ్రెంచావిడ ఆడీ క్వాట్రోలో గెలిచి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీలో నెగ్గిన మొదటి మహిళ అయింది. అది చిన్న ఇంజనేమీ కాదు, నిజమే. కాని కాలి కింద క్లచ్చూ చేతికింద గేరు రాడ్డూ వున్న బండి. ఈ చరిత్రంతా వుండగా 'ఆడవాళ్ళకి క్లచ్చు బాధ' అని సిద్ధాంతం చేసినవాళ్ళని ఏమనాలి?

ఇంకో తమాషా వినండి. మన దగ్గర తక్కువ ధరలో ఆటోమేటిక్ అంటూ వచ్చింది ఏఎంటీ రకం. 2014లో మారుతీ సెలెరియోతో మొదలైంది. ఆ ఏడే మారుతీ 800 తయారీ ఆపేశారు. ఎందరు ఆడపిల్లలకి స్టీరింగు పట్టడం నేర్పిందో ఆ 796 సీసీల మహాతల్లి! సరే, ఏఎంటీ అంటే ఏమిటయ్యా అంటే, అదే పాత గేర్‌బాక్సు, అదే పాత క్లచ్చు. పెడలు మాత్రం తీసేసి, క్లచ్చు నొక్కే పనీ గేరు మార్చే పనీ ఒక మర చేతికిచ్చారు. క్లచ్చు ఎక్కడికీ పోలేదు, కనిపించకుండా లోపల కూర్చుంది, అంతే. ఫ్లైఓవరు ఎక్కుతూ ట్రాఫిక్కులో బ్రేకు వాడకుండా ఆక్సిలేటరు మీదే బండిని నిలబెడితే ఆ క్లచ్చే అరుగుతుంది, బిల్లు మనకే వస్తుంది. 'బాధ లేదు' అన్న కుర్రాడు ఈ మాట చెప్పడు.

డ్యూయల్ క్లచ్ అని ఖరీదైన రకం ఇంకొకటుంది. రెండు క్లచ్చులు, ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. మూడో గేరులో వుండగానే నాలుగోది సిద్ధం చేసి పెట్టుకుంటుంది. ఏ మనిషీ అంత చురుగ్గా మార్చలేడు, వాచీ పెట్టి చూస్తే దానిదే గెలుపు. ఫెరారీ వాళ్ళు 1989లోనే రేసు కారులో స్టీరింగు వెనక మీటలు పెట్టి గేర్లు మార్చారు, మొదటి పందెంలోనే గెలిచారు కూడా. రేసులో సెకనులో పదో వంతుకి డబ్బులున్నాయి. నాకు మాత్రం ఆదివారం పొద్దున శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కడానికి సెకను పదో వంతు కలిసొచ్చి ఏం చేసుకోను? దానితో కాఫీ కలపగలనా?

ఆ అనంతగిరి ఘాటే తీసుకోండి. మా బంధువుల ఆటోమేటిక్ బండి ఒకసారి నేనే నడిపాను. మలుపు ముందు కాలు కాస్త తీశాను. అయ్యో, ఈవిడ నెమ్మదిగా పోదామనుకుంటోంది పాపం అని అదేదో దయతలిచి పై గేరు వేసేసింది. మలుపు తిరిగి ఎత్తు రాగానే నేను ఆక్సిలేటరు నొక్కితే, కాసేపు ఆలోచించుకుని, గతుక్కుమని మళ్ళీ కింది గేరుకొచ్చింది. మలుపు నాకు కనిపిస్తోంది, దానికి కనిపించదు. ఎదురుగా బొగ్గు లారీ దిగుతోందని నాకు తెలుసు, దానికి తెలీదు. జరిగిపోయినదాన్ని బట్టి అది లెక్క వేస్తుంది, జరగబోయేదాన్ని బట్టి నేను వేస్తాను. "మాన్యువల్ మోడ్ వుందిగా అత్తా!" అన్నాడు వెనక సీట్లోంచి మేనల్లుడు. వుంది. మీట లాగడమంటే అర్జీ పెట్టుకోవడం. దాని చిత్తానికి వస్తే మంజూరు చేస్తుంది, లేదా 'ఇప్పుడు కుదరదు' అని గంట మోగిస్తుంది. దిగేటప్పుడైతే మరీనూ. ఎక్కిన గేరులోనే దిగమని ఘాటు డ్రైవర్లు తరతరాలుగా చెప్పే మాటకి ఎంత అర్థముందో, రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఆపుతూ దించుతున్నప్పుడు చేతికి తెలుస్తుంది.

ఎవరికీ గేర్లు అక్కర్లేదన్నారు కదా, ఆ మాట ఎంతవరకు నిలబడిందో చూద్దాం. పోర్షే వాళ్ళు 2013లో తమ 911 జీటీ3 అనే రేసు మోజున్న కారులో గేరు రాడ్డు తీసేసి, ఆటోమేటిక్కే తీసుకోండి అన్నారు. కొనేవాళ్ళు గోలపెట్టారు. 2016లో 911 ఆర్ అని 991 బళ్ళు గేర్లతో చేస్తే చేసినవి చేసినట్టే ఎగిరిపోయాయి. 2017లో జీటీ3కి గేరు రాడ్డు తిరిగొచ్చింది. అది కోటీశ్వరుల గొడవ అంటారా? సరే, మన బజారుకే వద్దాం. 2013లో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది. 1.2 లీటర్ల టర్బో ఇంజను, ముచ్చటైన బండి, కాని ఆటోమేటిక్ ఒక్కటే. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది. 998 సీసీ, మూడే సిలిండర్లు, టర్బోతో 120 గుర్రాలు. నా మనసుకి నచ్చిన లెక్క. కాని దానికి డ్యూయల్ క్లచ్ అయినా తీసుకోవాలి, లేదా గేరు రాడ్డు వుండి క్లచ్చు పెడలు లేని ఒక వింత సరుకైనా తీసుకోవాలి. కుంకుడుకాయ లేని తలంటు అన్నమాట! 2023లో ఆ వింతని తీసేసి, ఆరు గేర్లూ క్లచ్చూ వున్న అసలు సిసలు మాన్యువల్ పెట్టారు. 2024లో టాటా వాళ్ళు ఆల్ట్రోజ్ రేసర్ అని 1.2 లీటర్ల టర్బో బండి తెస్తే, దానికి ఆరు గేర్ల మాన్యువలే పెట్టారు. ఎవరికీ అక్కర్లేకపోతే ఇవన్నీ ఎవరి కోసం చేశారో!

అన్నిటికన్నా నవ్వొచ్చేది 2023లో వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్. ఎలక్ట్రిక్ కారు, దానికి గేర్లే వుండవు, అవసరమూ లేదు. అయినా ఉత్సాహవంతులకి చప్పగా వుంటుందని, గేర్లున్నట్టూ, మారుతున్నట్టూ కుదుపు ఇచ్చి, ఇంజను మోతని స్పీకర్లలోంచి వినిపించే ఏర్పాటు చేశారు! వున్న గేర్లు పీకేసినవాళ్ళే లేని గేర్లకి నాటకం వేయిస్తున్నారు. ఏమనాలో తోచక నేను పక్కింటి పిన్నిగారికి చెబితే, ఆవిడ "పోపు లేకుండా పోపు వాసన అగరొత్తి వెలిగించినట్టుందే" అంది.

మన సుఖం కోసం ఇంత తాపత్రయపడుతున్నారు కదా, ఆ సుఖం ఊరికే ఇస్తారా? ఏఎంటీకి యాభై వేలకి అటూ ఇటూగా, డ్యూయల్ క్లచ్‌కి లక్షకి పైచిలుకు అదనం. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు. నేను కాదన్నది ఒక్కటే, ఆ లక్షకి మా పేరు వాడుకోవద్దని. "లేడీస్ అడుగుతున్నారండీ, అందుకే మాన్యువల్ తెప్పించడం లేదు" అంటే మాత్రం వూరుకోవద్దు. ఏ లేడీస్, ఎప్పుడు అడిగారో చెప్పమనండి. టెస్ట్ డ్రైవుకి ఆటోమేటిక్కే వుంది అంటే, గేర్ల బండి తెప్పించాకే ఫోను చెయ్యమనండి. తెప్పించాక తాళాలు మీ చేతిలో తీసుకోండి, మీవారి చేతిలో కాదు.

ఇచ్చేవాళ్ళకి రెండూ ఇవ్వడం ఏమంత కష్టం కాదు. టొయోటా జీఆర్ యారిస్ అని 2020లో ఒక బుల్లి రాక్షసి పుట్టింది. 1.6 లీటర్లు, మూడే సిలిండర్లు, రెండు వందల అరవై పైన గుర్రాలు, ఆరు గేర్ల మాన్యువల్. 2024లో దానికి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కూడా చేర్చారు. చేర్చారు గాని మాన్యువల్ తియ్యలేదు, పక్కపక్కనే పెట్టి ఏది కావాలో మీరే చెప్పండి అన్నారు. అలా పెడితే నాకెందుకు తగువు? ఆ నాలుగేళ్ళలో ఆ బండి మన దేశపు షోరూము గడప తొక్కలేదు, అది వేరే ఏడుపు.