వంశదోషం అన్న మాట ఎంతవరకు నిజం?

త్రిపురారం, మిర్యాలగూడ ప్రాంతాలలో సంబంధాలు చూసేటప్పుడు పెద్దలు ఒక సంగతిని గుట్టుగా విచారించడం కద్దు. ఆ ఇంట కీళ్లవాతం, సోరియాసిస్ వంటివి ఎవరికైనా ఉన్నాయా అని. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఖాందాన్ అన్నా, తెలుగిండ్లలో వంశం అన్నా సందేహం ఒక్కటే. దగ్గరి చుట్టరికపు పెండ్లిండ్లు ఇరువైపులా ఉన్నవే. కాని ఆ సందేహపు భారం తరచు ఆడపిల్ల మీదనే పడుతున్నది. దీని వెనుక ఉన్న ‘చెడు రక్తం’ అనే భావన శాస్త్రపరీక్షకు నిలవదని మా అభిప్రాయం. కోవిడ్ కాలపు పరిశోధనలే మాకు ఆధారం.

శరీర రక్షణ వ్యవస్థ శత్రువును విడిచి సొంత కణాలపైనే తిరగబడితే కలిగేవి స్వయంప్రతిరక్షక వ్యాధులు. రుమటాయిడ్ కీళ్లవాతం, ల్యూపస్, సోరియాసిస్ ఈ కోవలోనివే. ఇక శ్వాసకోశంలో వైరస్ చొరబడినపుడు, దాని బారిన పడిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వెలువరించి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికను కణం లోపలికి చేరవేసే వాటిలో టైక్-2 అనే ప్రోటీన్ ఒకటి. దాని జన్యువులోని ఒక రూపభేదం వలన ఈ ప్రోటీన్ మందకొడిగా పనిచేస్తుంది. అందువలన పైన చెప్పిన వ్యాధుల ముప్పు తగ్గుతుంది.

అంతవరకు మేలే. కాని 2022లో వెలువడిన ఒక పరిశోధన ఆరు లక్షలకు మించిన అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వివరాలను పరిశీలించింది. కోవిడ్‌ను తీవ్రం చేసే టైక్-2 రూపభేదాలే సోరియాసిస్, కీళ్లవాతం, ల్యూపస్‌ల అవకాశాన్ని తగ్గిస్తున్నట్లు అందులో తేలింది. ఒక వాకిట కాపలా పెరిగితే మరొక వాకిట తగ్గినది! ఇప్పుడు ఏ ఖాందాన్ మేలైనదని నిర్ణయిద్దాం? పైగా ఇటువంటి జన్యుభేదాలు ముప్పును కొంత అటూ ఇటూ జరిపేవే గాని, నుదుటి వ్రాతలు కావు.

జన్యువుల పేరిట తొందరపాటు తీర్పు కూడా తగదు. కోవిడ్‌ను తీవ్రం చేసే ఒక జన్యుభాగం నియాండర్తల్ మానవుల నుండి సంక్రమించినదనీ, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉన్నదనీ 2020లో జెబర్గ్, పాబో ప్రకటించారు. మనవారి గతి ఏమిటని ఎందరో భయపడ్డారు. మరుసటి యేడు హైదరాబాదులోని సి.సి.ఎం.బి., కాశీ హిందూ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశీలనలో, దక్షిణాసియా వారి కోవిడ్ ఫలితాలతో దానికి సంబంధం కనబడలేదు. పరాయి దేశపు కొలబద్దతో మన జబ్బులను కొలిస్తే ఇట్లే అవుతుంది.

మన కొలబద్ద మనమే చేసుకోవాలి. అది సాధ్యమే. 2017లో సి.సి.ఎం.బి. వారు హార్వర్డ్ వారితో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి, తరతరాలుగా తమలో తామే పెండ్లాడటం వలన 81 సమూహాలలో జన్యువైవిధ్యం బాగా కుంచించుకుపోయిందని చూపారు. తెలుగు వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్స వేళ ఇచ్చే ఒక కండర సడలింపు మందు ప్రమాదకరం కావడం ఈ కోవలోనిదే. ఆ సంగతి ముందుగా తెలిస్తే వైద్యుడు వేరొక మందు వాడతాడు. తెలియడం వలన ఒరిగే మేలు అది.

దాచడం వలన కలిగే కీడు వేరు. సంబంధం చెడుతుందన్న భయంతో కీళ్లవాతానికి రహస్యంగా మందు మింగే ఆడపిల్లకు జ్వరం, ఆయాసం వచ్చినపుడు, ఆమె రక్షణ శక్తిని తగ్గించే మందులో స్టెరాయిడో వాడుతున్నదని వైద్యునికి తెలియదు. భయపడి తానే స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానితే అది ప్రాణాంతకం కావచ్చు. ఆ చీటీ ఇంట్లోవారి చేతిలో ఉండాలి, పెట్టె అడుగున కాదు.