దిద్దబోతే చెడే గిటార్

1963లో లండన్ పశ్చిమ శివారు ఫెల్తామ్‌లో బ్రయాన్ మే అనే పదహారేళ్ల కుర్రాడు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ తయారీకి పూనుకున్నాడు. మంచి గిటార్ కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. నెక్ కోసం దొరికింది ఒక పాత ఫైర్‌ప్లేస్ చట్రంలోని మహాగని కర్ర. దాన్ని అక్కడక్కడా పురుగు తొలిచేసింది. తండ్రీకొడుకులు ఆ బెజ్జాల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. బాడీకి పాత ఓక్ బల్ల ముక్క, బ్లాక్‌బోర్డు అనే అతుకు చెక్క, వాటి మీద పల్చటి మహాగని పొర, ఆపైన రస్టిన్స్ కంపెనీ ప్లాస్టిక్ కోటింగ్. ఫ్రెట్ల గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు పనికొచ్చాయి. మొత్తం రెండేళ్లు పట్టింది. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద క్వీన్ బృందం గిటారిస్టుగా మే నిలబడి వాయించింది ఆ గిటార్‌నే.

చేత్తో గిటార్లు చేసుకునే నేటి ఔత్సాహికులకు ఆ అగ్గిపుల్లల సంగతి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. నెలల తరబడి కర్ర కోసి, చెక్కి, నున్న చేసినవాళ్లు చివరి అంకంలో, అంటే రంగు దగ్గర, ఓపిక పోగొట్టుకుంటున్నారు. ఎక్కడో ఒక కారుడు, ఒక గుంట, ఒక తెల్లటి మచ్చ కనిపిస్తుంది. దాన్ని ఆ సాయంత్రమే మాయం చేసేయాలన్న ఆత్రంలో చెయ్యి పెడతారు. అసలు తప్పు చిన్నగోటంత. దిద్దుబాటు పూర్తయ్యేసరికి అరచేయంత అవుతుంది. చేతి తయారీ గిటార్లలో రంగు దశలో చెడిపోయేవి మొదటి తప్పు వల్ల కాదు, రెండోదాని వల్ల.

కారుడునే తీసుకోండి. లక్కర్ ఒకచోట ఎక్కువ పడి కిందికి జారుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే వేలితోనో గుడ్డతోనో తుడవబోతే, ఉడికీ ఉడకని అన్నాన్ని గరిటెతో తిప్పినట్టు, చుట్టుపక్కల బాగున్న పొర కూడా కలిసి ముద్దవుతుంది. పనితనం తెలిసినవాడు దాని జోలికి పోడు. కొన్ని రోజులు ఆరనిస్తాడు. ఆ తర్వాత రేజర్ బ్లేడుకు రెండు పక్కలా టేపు చుట్టి, మధ్యలో మిగిలిన సన్నటి అంచుతో ఉబ్బెత్తు భాగాన్ని మాత్రమే పొరలు పొరలుగా గీకుతాడు. టేపు మందం ఉంటుంది కాబట్టి బ్లేడు పక్క రంగును తాకదు. మట్టం కుదిరాక నీటి శాండ్‌పేపర్, ఆపైన పాలిష్. పని పావుగంట. నిరీక్షణ వారం. ఆ వారమే చాలామందికి గిట్టదు.

తీర ప్రాంతంలో వానాకాలపు పని మరోరకం చిక్కు తెస్తుంది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు రంగు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరి పొరలో చిక్కుకుంటుంది, నిగనిగలాడాల్సిన బాడీ మీద పొగమంచు కమ్మినట్టు తెల్లదనం కనిపిస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో జూలై, ఆగస్టుల్లో నైట్రోసెల్యులోజ్ లక్కర్ కొట్టేవాళ్లకు ఇది తప్పని ముప్పు. కంగారుపడి మొత్తం గీకేస్తారు కొందరు. అక్కర్లేదు. ఎండ కాసిన పొడి రోజున, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపి పల్చగా ఒక పొర కొడితే కింది పొర మళ్లీ కరుగుతుంది, చిక్కుకున్న తేమ బయటికి పోతుంది, తెల్లదనం చాలావరకు దానంతటదే విరుగుతుంది.

రంగు కొడుతుంటే ఒకచోట అంటకుండా చుట్టూ జరిగి, చేపకన్నులాంటి గుండ్రటి గుంట మిగులుతుంది చూశారా, దానికి మూలం చాలాసార్లు సిలికాన్. ఫర్నిచర్ పాలిష్‌లోనో, తుప్పు వదిలించే స్ప్రేలోనో ఉండి చేతుల ద్వారా కర్రకు అంటుకుంటుంది. దాని మీద ఇంకా రంగు పోస్తే గుంట పెద్దదవుతుంది తప్ప పూడదు. ఆపి, సాల్వెంట్‌తో కడిగి, ఆరాక మైనం తీసేసిన షెల్లాక్ ఒక పొర అడ్డుగోడలా వేయాలి. దాదాపు దేనిమీదైనా షెల్లాక్ అంటుకుంటుంది, దానిమీద దాదాపు ఏదైనా అంటుకుంటుంది. ఈ షెల్లాక్ మన లక్కే. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో లక్క పురుగులు కొమ్మల మీద కట్టే జిగురు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద తిరిగే లేతు వేడికి మెరిసేది కూడా ఇదే. విదేశీ గిటార్ తయారీదారులు గాజుసీసాల్లో దాచుకునే సరుకు మన అడవి నుంచి వెళుతుంటే, ఇక్కడి కుర్రాళ్లు అడ్డుపొర కోసం ఖరీదైన దిగుమతి డబ్బాల కోసం వెతకడం విడ్డూరం.

అన్నిటికన్నా గుండె జారేది అంచు దగ్గర. పదును అంచు మీద రంగు నిలవదు, పక్కలకు జారి పల్చబడుతుంది. నున్న చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి అక్కడ లేత మచ్చ తేలుతుంది, పొర చిల్లుపడి కింది కర్ర బయటపడుతుంది. దీనికి చికిత్స మచ్చ ఎంత లోతున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైనున్న పారదర్శక పొరే పోతే అదే మళ్లీ కొడితే చాలు. రంగు కూడా పోతే ఆ మేరకు రంగు అద్ది, పైన క్లియర్ కొట్టాలి. మధ్యలో పసుపు, అంచుల్లో నలుపు కలిసే సన్‌బరస్ట్ అయితే ఎయిర్‌బ్రష్ పట్టినవాడికీ చెమటలు పడతాయి. ఇంకో మాట. తడి శాండ్‌పేపర్ వాడేటప్పుడు స్క్రూల బెజ్జాల్లోకి నీళ్లు దిగితే కర్ర ఉబ్బి చుట్టూ రంగు పగుళ్లిస్తుంది. ఆ బెజ్జాలకు ముందుగా కాస్త లక్కర్ పట్టించడం రెండు నిమిషాల పని.

ఇక్కడే ఏ రంగు ఎంచుకున్నామన్నది తేలుతుంది. నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఆవిరై ఆరుతుంది, కొత్త పొర పాత పొరను కరిగించి అందులో ఒకటైపోతుంది. పాలీయురెథేన్, పాలియెస్టర్ రసాయన చర్యతో గట్టిపడతాయి. వాటి మీద కొత్త పొర విడిగానే కూర్చుంటుంది, నున్న చేస్తే ఆ అతుకు ఉంగరంలా బయటపడుతుంది. దెబ్బలకు ఓర్చేది ఈ రెండో రకమే, సందేహం లేదు. ఫెండర్ కంపెనీ 1968 ప్రాంతంలో మందపాటి పాలియెస్టర్‌కు మారడానికి ఫ్యాక్టరీ లెక్కలు దానికుంటాయి. ఇంటి దగ్గర ఒక్కో గిటార్ చేసేవాడి లెక్క వేరు. అతను తప్పులు చేస్తాడు, కాబట్టి తప్పును సరిచేయనిచ్చే రంగే అతనికి కావాలి. రెండు డబ్బాల పాలీయురెథేన్ గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెట్టగలవు, మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. నైట్రో కూడా అమాయకం కాదు, నిప్పంటే భగ్గుమంటుంది, పొయ్యి ఉన్న గదిలో అసలు కొట్టకూడదు. అయినా దిద్దుబాటుకు లొంగే గుణం ముందు అది మేలు.

కర్ర రంధ్రాల సంగతి కొంత వేరు. ఆల్డర్ రంధ్రాలు మూసుకున్న కర్ర, యాష్ తెరుచుకున్న కర్ర. యాష్‌కు ముందే ఫిల్లర్ పట్టించకపోతే వారాల తర్వాత కూడా రంగు రంధ్రాల్లోకి కుంగుతూనే ఉంటుంది. కొండపల్లి బొమ్మల పనివాళ్లు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, అతుకులూ సందులూ పూడుస్తారు. జిగురులో రంపపు పొట్టు కలిపి లప్పం పెట్టే పద్ధతి గిటార్లకూ ఉంది, కాకపోతే ముదురు రంగు కింద మాత్రమే. కర్ర రేఖలు కనిపించే పారదర్శక రంగు కింద ఆ పూడిక నల్లటి మచ్చై ఎత్తి చూపుతుంది.

ఫ్యాక్టరీలు తప్పే చేయవనుకునేవాళ్లు కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ నగరపు ఫెండర్ చరిత్ర ఒకసారి చూడాలి. 1960లలో సన్‌బరస్ట్ సరిగా రాని బాడీలను పారేయకుండా వాటి మీద ముదురు రంగు కొట్టి అమ్మిన దాఖలాలున్నాయి. చాలా పాత స్ట్రాటోకాస్టర్ల మీద ఎరుపో నీలమో పెచ్చులూడితే కింద సన్‌బరస్ట్ కనిపిస్తుంది. ఆ రంగులు కార్ల కోసం డ్యూపాంట్ తయారుచేసిన డ్యూకో, లూసైట్ పెయింట్లు. మన కార్ల షెడ్లలో ఇప్పటికీ డ్యూకో అనే పిలుపు వినిపిస్తుంది. కస్టమ్ రంగు కావాలంటే అప్పట్లో 5 శాతం అదనం. ఆరబెట్టేటప్పుడు బాడీ కిందికి తగలకుండా కొట్టిన చిన్న మేకుల బెజ్జాలు పిక్‌గార్డ్ కింద మిగిలిపోయేవి. ఇప్పుడు పాత గిటార్ అసలుదో నకిలీదో తేల్చడానికి నిపుణులు ఆ బెజ్జాలనే వెతుకుతారు.

మరో గిటార్ కంపెనీ గిబ్సన్‌ది ఇంకా వింత. 1958లో లెస్‌పాల్ మోడల్ సన్‌బరస్ట్‌కు వాడిన ఎరుపు వెలుగు తగిలేకొద్దీ వెలిసిపోయింది. కంపెనీ దాన్ని లోపంగా చూసి 1960లో వెలవని ఎరుపుకు మారింది. సంగ్రాహకులు ఇవాళ ఎగబడేది వెలిసిన వాటి కోసమే. చెమటకు రంగు దాదాపు రాలిపోయిన ఐరిష్ గిటారిస్టు రోరీ గాలహర్ 1961 స్ట్రాటోకాస్టర్ 2024లో లండన్ వేలంలో 8 లక్షల పౌండ్లు దాటింది. 1995 నుంచి ఫెండర్ కస్టమ్ షాప్ కొత్త గిటార్లనే గీకి, పెచ్చులూడదీసి, రెలిక్ పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతోంది. కొత్త బాడీకి కావాలని గీతలు పెట్టించుకునే బజారు ఒకవైపు, తన చేతి గిటార్ మీద దుమ్ము రేణువంత గుంటకు నిద్ర పట్టని కుర్రాడు మరోవైపు. ఈ బేరంలో నష్టపోయేది కుర్రాడే.

అలాగని అన్నీ వదిలేయమని కాదు. నెక్ కూర్చునే గాడిలో రంగు మందంగా పేరుకుంటే నెక్ బిగించగానే మూల పగులుతుంది, అక్కడ గీకాల్సిందే. బ్రిడ్జి పక్కన పొర చీలి చెమట కర్రలోకి దిగే చోటు మూయాల్సిందే. ఎన్నాళ్లయినా అంటుకుంటున్న మెత్తటి పొరను పూర్తిగా తీసేయడమే దారి. పిక్‌గార్డ్ కిందికి పోయే మచ్చలు, వెనుకవైపు బెల్టు బకిల్ రాసుకునే చోటి మచ్చలు, వెలుతురు వాలుగా పడితే తప్ప కనిపించని అలలు, వీటి కోసం మళ్లీ స్ప్రేగన్ పట్టడం దండగ.

అమ్మకానికి గిటార్లు చేసే చిన్న తయారీదారులు ఒక అలవాటు చేసుకుంటే బాగుంటుంది. కంట్రోల్ గూడు మూత వెనక చిన్న చీటీ అంటించాలి. ఏ సీలర్, ఏ రంగు, డబ్బా నంబరు, థిన్నర్ ఎంత కలిపారు, ఎక్కడ ఏం సరిచేశారు, అన్నీ అందులో రాయాలి. ఇప్పుడు రిపేరుకొచ్చిన గిటార్ మీద ఏ రంగుందో తెలియక, మరుగు చోట ముందు ఆల్కహాల్ చుక్క వేసి కరిగితే షెల్లాక్, తర్వాత థిన్నర్ చుక్కకు కరిగితే లక్కర్, దేనికీ చలించకపోతే పాలీ అని పరీక్షలు చేసుకోవాల్సి వస్తోంది. చీటీ ఉంటే ఆ గిటార్ పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఎవరి చేతికి వెళ్లినా, దిద్దేవాడు అలాంటి చుక్కలు వేసి చూడకుండానే పని మొదలుపెట్టొచ్చు.