రోగి మాటకు చోటేది?

సంపాదకులకు,

అనంతపురం జిల్లాలో మానసిక వైద్యంపై మీరు వేసిన వ్యాసం డాక్టర్లు చాలట్లేదని చెప్పింది, బాగుంది. రోగి గొంతు మాత్రం అందులో వినబడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 28వ సెక్షన్ ప్రకారం వైద్యంలో లోపముంటే రోగి గానీ, అతను నియమించుకున్న ప్రతినిధి గానీ మొదట ఆసుపత్రి బాధ్యులకు, అక్కడ తేలకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపైన రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. 27వ సెక్షన్ ఉచిత న్యాయసహాయం ఇస్తుంది.

చట్టం బాగానే ఉంది. కానీ కళ్యాణదుర్గం పల్లెల నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చినవాడు మాత్రలకు చేతులు వణుకుతున్నాయంటే, అదీ జబ్బు కిందే జమకడతారు.

నర్సీపట్నం మత్తు డాక్టరు సుధాకర్ విశాఖ మానసిక ఆసుపత్రిలో ఉండగా, తనకిస్తున్న మందులపై సూపరింటెండెంటుకే లేఖ రాశారు. తల్లి హెబియస్ కార్పస్ వేశాక, 2020 జూన్‌లో హైకోర్టు ఆదేశంతో బయటికొచ్చారు. డాక్టరుకే కోర్టు కావాల్సొస్తే వేరుశనగ రైతు గతేంటి?

ఓపీ చీటీ వెనక సమీక్షా బోర్డు చిరునామా తెలుగులో అచ్చువేయించమని అధికారులను మీ పత్రిక అడగాలి.

— ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం