చిరునవ్వు కూడా శ్రమే

మా అక్క కూతురు డల్లాస్ దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. ఎనిమిదో ఏట ఒక జిమ్‌లో చేరి, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా చీర్‌లీడింగ్ పోటీల్లో పాల్గొంది. కిందటేడు ఆగస్టులో కాలేజీలో చేరి అక్కడి చీర్ జట్టుకు ఎంపికయింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. రెండు నెలలు గడిచాక ఒక రాత్రి ఫోన్ చేసి, "పిన్నీ, ఇన్నాళ్ళూ మేం ఆడితే జనం చూసేవాళ్ళు. ఇప్పుడు వేరేవాళ్ళు ఆడుతుంటే మేం పక్కన నవ్వుతూ నిలబడాలి. ఎత్తడం, ఎగరడం, పడటం అన్నీ అవే. కానీ మమ్మల్ని ఆటగాళ్ళు అనరు" అంది. ఈ సంపాదకీయం ఆ మాట నుంచి పుట్టింది.

స్త్రీల హక్కుల పత్రికలో ఇదేం విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామందికి చీర్‌లీడర్లంటే 2008లో ఐ.పి.ఎల్.తో పాటు వచ్చిన విదేశీ యువతులే. అప్పుడు మనం చాలా వాదించుకున్నాం. అది అశ్లీలమా కాదా, స్త్రీ శరీరాన్ని సరుకుగా మార్చడమా కాదా అన్నదే ఆ వాదనల సారాంశం. వాళ్ళకు జీతమెంత, ఒప్పందంలో ఏముంది, రాత్రి మ్యాచి అయ్యాక వాళ్ళ భద్రత ఎవరి బాధ్యత అని ఎంతమందిమి అడిగాం? నేనైతే అడగలేదు. వాళ్ళ దుస్తులు చూశాను గానీ వాళ్ళ శ్రమను చూడలేదు. ఆ పొరపాటును ఒప్పుకుంటూనే ఇది రాస్తున్నాను.

అమెరికాలో బాలికల చీర్ పోటీలు ఒక పెద్ద లోకం. స్కూళ్ళతో సంబంధం లేకుండా ప్రైవేటు జిమ్‌లు ఈ జట్లను నడుపుతాయి. వయసును బట్టి, నైపుణ్యాన్ని బట్టి అంచెలుంటాయి. ఏడాది పొడుగునా సాధన చేసేది రెండున్నర నిమిషాల ప్రదర్శన కోసం. కింద నిలబడి మోసేవాళ్ళు 'బేస్', పైకి లేచే పిల్ల 'ఫ్లయర్'. ఒకరి అరచేతుల్లో ఇంకొకరి ప్రాణం. ఫీజు, యూనిఫారం, ప్రయాణం, హోటలు ఖర్చులన్నీ తల్లిదండ్రులవే. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాలన్నీ పోటీల హాళ్ళలో గడిపారు.

అక్క అత్తగారు ఇక్కడి నుంచి వెళ్ళినప్పుడు "ఆడపిల్లకి ఈ దొమ్మరి గంతులేమిటే" అని రోజూ గొణిగేదట. ఆ ఒక్క మాటలో ఎంత కులం, ఎంత పితృస్వామ్యం ఉన్నాయో చూడండి! గడ మీద ప్రాణాలొడ్డి ఆడిన దొమ్మరి స్త్రీల విద్యను ఊరంతా చూసి ఆనందించింది. వాళ్ళకు మాత్రం గౌరవం ఇవ్వలేదు. పైగా వాళ్ళ పేరునే తిట్టుగా మార్చుకుంది. శరీరంతో నైపుణ్యం చూపే స్త్రీని కళ్ళారా చూడటం, చూసి చులకన చెయ్యటం సముద్రానికి ఇవతలా అవతలా ఒకటే.

జిమ్‌లో ఆ పిల్ల పొందింది తక్కువేం కాదు. తన ఒంటి మీద తనకు నమ్మకం కలిగింది. తోటి ఆడపిల్లల మీద అంతకు మించిన నమ్మకం కలిగింది. అయితే ఫ్లయర్‌గా ఉండాలంటే బరువు పెరగకూడదన్న మాట కూడా పన్నెండో ఏటే చెవిన పడింది.

కాలేజీలో పోటీ ఏడాదికి ఒకటో రెండో. మిగతా కాలమంతా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచీల పక్కన నిలబడి జనాన్ని ఉత్సాహపరచాలి. కాలేజీ పాటకు ఆడాలి. దాతల విందుల్లో నవ్వుతూ స్వాగతం చెప్పాలి. స్ప్రింగులున్న పోటీ వేదిక బదులు గట్టి నేల. అంతా ఆడపిల్లలే ఉన్న జట్టు నుంచి మగపిల్లలు కూడా ఎత్తే జట్టుకు మారాలి. ఇవన్నీ నేర్చుకోవచ్చు, నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా రానిది హోదా. ఆమె జట్టు కాలేజీ క్రీడావిభాగం కింద లేదు, విద్యార్థి కార్యక్రమాల విభాగం కింద ఉంది. అక్టోబరులో సాధన చేస్తూ కిందపడి తలకు దెబ్బ తగిలింది. పక్క మైదానంలోనే ఫుట్‌బాల్ జట్టు వైద్య సహాయకుడున్నాడు. అతన్ని పిలవడానికి అనుమతి ఎవరివ్వాలో ఎవరికీ తెలియలేదు. చివరికి స్నేహితురాలి కారులో ఆస్పత్రికి వెళ్ళింది.

దీని చరిత్ర తెలిస్తే ఇది ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక మగ విద్యార్థి జనం ముందు నిలబడి కేకలు వేయించడంతో ఇది మొదలైంది. తొలి దశాబ్దాల్లో ఇది మగవాళ్ళ పని, నాయకత్వానికి గుర్తు. ఆ విశ్వవిద్యాలయంలో స్త్రీలకు చోటు దొరికింది 1923లో. రెండో ప్రపంచ యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళాక ఇందులో స్త్రీలే ఎక్కువయ్యారు. స్త్రీల చేతికి వచ్చాక అది నాయకత్వం కాస్తా అలంకారమయింది. ఒక పని ఆడవాళ్ళ పని కాగానే దాని విలువ తగ్గడం మనకు కొత్త కాదు.

చట్టం కూడా చిక్కుముడిగానే ఉంది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. అమెరికా కాలేజీల్లో ఆడపిల్లల క్రీడలు పెరగడానికి అది ముఖ్య కారణం. 2009లో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం ఆడపిల్లల వాలీబాల్ జట్టును తీసేసి, చీర్ జట్టును క్రీడగా లెక్క చూపబోయింది. వాలీబాల్ అమ్మాయిలు కోర్టుకెళ్ళారు. 2010లో జిల్లా కోర్టు, 2012లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చాయి. పోటీ చీర్‌కు ఒక పద్ధతైన సీజన్, ఒకే తీరు నియమాలు లేవు కనుక దాన్ని అప్పటికి క్రీడగా లెక్కించలేమన్నాయి. ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఒక ఆడపిల్లల జట్టును పణంగా పెట్టి ఇంకో ఆడపిల్లల జట్టుతో లెక్క సరిచెయ్యబోయారు. కానీ నియమాలు లేకపోవడం చీర్ చేసే అమ్మాయిల తప్పా? అదే 2012లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ దీన్ని క్రీడగా గుర్తించాలని కోరింది. అలా గుర్తిస్తేనే శిక్షణ పొందిన కోచ్‌లు, వైద్య సహాయం అందుబాటులోకి వస్తాయన్నది వాళ్ళ వాదన. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో చీర్ సమాఖ్యకు పూర్తి గుర్తింపునిచ్చింది. కాలేజీ మైదానం పక్కన నిలబడే పిల్లకు ఆ గుర్తింపు ఇంకా చేరలేదు.

2006 మార్చిలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచిలో సదరన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చీర్‌లీడర్ ఒకామె పిరమిడ్ మీద నుంచి పడింది. మెడ ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే బ్యాండు కాలేజీ పాట అందుకుంది. పట్టీలతో బిగించి ఉన్న ఆ అమ్మాయి పడుకునే చేతులు ఆడించింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. నొప్పిలో కూడా ప్రదర్శన ఆగకూడదని ఆడపిల్లకు ఎవరు నేర్పారన్నదే నా ప్రశ్న.

ఈ రంగంలో డబ్బు లేక ఇలా ఉందనుకోకండి. వర్సిటీ అనే కంపెనీ పోటీలు, శిబిరాలు, యూనిఫారాలు అన్నీ నడుపుతుంది. అది గుత్తాధిపత్యం చలాయించిందంటూ జిమ్‌లు, తల్లిదండ్రులు వేసిన దావాల్లో 2023లో 4 కోట్ల 35 లక్షల డాలర్లకు, 2024లో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మరోపక్క వృత్తి జట్ల చీర్‌లీడర్లు కనీస వేతనం కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2014 జనవరిలో ఓక్లాండ్ రెయిడర్స్ చీర్‌లీడర్ ఒకామె వేసిన దావా అదే ఏడాది 12 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసింది. 2015లో కాలిఫోర్నియా రాష్ట్రం వృత్తి జట్ల చీర్‌లీడర్లను ఉద్యోగులుగా గుర్తిస్తూ చట్టం చేసింది. నోరు విప్పితే పని జరిగింది.

దెబ్బ తగిలాక అక్క "మానెయ్యవే తల్లీ" అంది. ఆ పిల్ల జవాబు ఇది: "మానేస్తే నా ఒక్కదాని తల బాగుపడుతుంది. మిగతావాళ్ళ తలలో?" జట్టంతా కలిసి ఉత్తరం రాశారు. సాధన సమయంలో వైద్య సహాయకులుండాలి. తలకు దెబ్బ తగిలితే డాక్టరు చెప్పేదాకా ఆడించకూడదు. దాతల విందులకు వెళ్ళడం ఎవరి ఇష్టం వాళ్ళది. ఈ మూడే అడిగారు. కాలేజీ మొదటి రెండూ ఒప్పుకుంది. మూడోదానికి ఇంతవరకు జవాబు లేదు. విందులో నవ్వడం కూడా పనేనని ఒప్పుకోవడం అన్నిటికన్నా కష్టం కాబోలు!

మన కాలేజీల్లో మంత్రి వచ్చినా, దాత వచ్చినా గేటు దగ్గర పూలు పట్టుకుని ఎండలో నిలబడేది ఆడపిల్లలే. కబడ్డీ ఆడుతూ మోకాలు విరిగిన అమ్మాయికి వైద్యం ఎవరు చేయించాలో చాలా హాస్టళ్ళలో ఎవరూ చెప్పలేరు. కాలేజీల్లో, హాస్టళ్ళలో పనిచేస్తున్న మిత్రులారా, ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఉత్తరంలోని మూడు కోర్కెలూ అక్కడి పిల్లల ముందు పెట్టండి. వాళ్ళు ఏం కలుపుతారో, ఏం కొట్టేస్తారో మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ మాటలకే చోటిస్తాం.