గాలిలో చదివింపులు

అమెరికాలో కాలేజీ రేడియో స్టేషన్లు సెమిస్టరు మారినప్పుడల్లా రాబోయే కార్యక్రమాల పట్టిక వేస్తాయి. వారానికి ఏడు రోజులు, రోజుకు ఇరవై నాలుగు గంటలు, అంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. పొద్దున జాజ్, మధ్యాహ్నం క్యాంపస్ కబుర్లు, సాయంత్రం ఎవరో అమ్మాయి ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చిన ఆఫ్రికా పాటలు. ఆ పట్టికలో ముందు చూడాల్సినవి మాత్రం తెల్లవారుజాము గళ్ళు. రాత్రి రెండు దాటాక ఉండే ఆ వేళలు చాలాచోట్ల కొత్తగా చేరిన పిల్లల వంతు. పొద్దున్నే లెక్కల క్లాసు ఉన్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు నిద్ర ఆపుకుంటూ మైకు ముందు కూర్చుంటాడు. ఎవరు వింటున్నారో తెలియదు. అసలు ఎవరైనా వింటున్నారో లేదో కూడా తెలియదు.

అతనికి అక్కడ తోడు ఒక ఫోను. మైకు తెరిచి ఉండగా గంట మోగితే ప్రసారంలో వినబడిపోతుంది కాబట్టి స్టూడియోలో ఫోను మోగదు, దాని మీద చిన్న దీపం వెలుగుతుంది. ఒక పాట వేసి, తర్వాతి రికార్డు అట్ట విప్పుతూ ఓ కంట ఆ దీపాన్ని చూస్తూనే ఉంటాడు. చాలా రాత్రులు అది వెలగదు. ఎప్పుడో ఒక టాక్సీ డ్రైవరో, రాత్రి డ్యూటీ నర్సో, నిద్రపట్టని పెద్దాయనో ఫోన్ చేసి ఇందాకటి పాట ఎవరు పాడారని అడుగుతారు. అంతే, మిగిలిన గంటలు ఇట్టే గడిచిపోతాయి.

అదే పట్టిక అడుగున ఇంకో మాట కూడా ఉంటుంది. ఫలానా తేదీ నుంచి నిధుల సేకరణ, మీకు తోచినంత సాయం చేయండి అని. ఎవరైనా సరే ఆ ముక్క దాటుకుని పోతారు. డబ్బు సంగతి కదా! కానీ ఈ రేడియోల గురించి తెలుసుకున్నకొద్దీ, ఆ వెలగని దీపానికీ ఈ విన్నపానికీ దగ్గరి సంబంధం ఉందనిపిస్తుంది.

అక్కడ ఎఫ్‌ఎంలో 88కీ 92కీ మధ్య జాగాను వ్యాపారం చేయని రేడియోలకు వదిలిపెట్టారు. కాలేజీ రేడియోలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ రేడియోలు తమకు సాయం చేసిన కొట్టు పేరు చెప్పుకోవచ్చుగానీ వెళ్ళి కొనండి అనకూడదు, ధర చెప్పకూడదు. కాలేజీ కొంత ఇస్తుంది, విద్యార్థి సంఘం కొంత ఇస్తుంది. కరెంటు బిల్లు, పాటల హక్కుల రుసుము, పాతబడిన యంత్రాల మరమ్మతు, వీటన్నిటికీ అది చాలదు. ఇక మిగిలింది వినేవాడే.

అలా వినేవాళ్ళ మీదే ఆధారపడి బతుకుతున్న రేడియో ఒకటుంది. పేరు డబ్ల్యూఎఫ్ఎంయూ. 1958లో న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో ఉప్సాలా అనే చిన్న కాలేజీ దాన్ని మొదలుపెట్టింది. 1995లో ఆ కాలేజీ మూతపడింది. రేడియో మూతపడలేదు. దాన్ని నడిపేవాళ్ళు, వినేవాళ్ళు కలిసి ఏర్పరచుకున్న సంస్థ అంతకు ముందే లైసెన్సును తన చేతిలోకి తీసుకుంది. 1998లో జెర్సీ సిటీకి మారి, ఇప్పటికీ 91.1 మీద వినిపిస్తూనే ఉంది. ప్రకటనలు లేవు. కంపెనీల ప్రాయోజిత సొమ్ము ముట్టుకోదు. కాలేజీ పోయి కాలేజీ రేడియో మిగలడం ఎక్కడైనా విన్నామా?

ఆ రేడియో ఏడాదికొకసారి, సాధారణంగా మార్చిలో, రెండు వారాలు మారథాన్ పెడుతుంది. ఆ రోజుల్లో ప్రతి డీజే పక్కన ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. అవతలి గదిలో శ్రోతలే వచ్చి ఫోన్లు ఎత్తుతారు. డబ్బు పంపినవాళ్ళ పేరు, ఊరు అక్కడికక్కడే మైకులో చదువుతారు. ఇచ్చినవాళ్ళకు టీషర్టు, కొందరికి ఆ డీజే స్వయంగా ఏర్చి కూర్చిన పాటల సంకలనం. చివరి రాత్రి రేడియో వాళ్ళే వాద్యాలు పట్టుకుని, వచ్చినట్టు పాడి ముగిస్తారు. ఇరవై డాలర్లు ఇచ్చినవారి పేరూ పెద్ద మొత్తం ఇచ్చినవారి పేరూ అదే గొంతుతో, అదే సంబరంతో వినబడతాయి.

మనకు ఈ తతంగం ఏమంత కొత్త కాదు. పెళ్ళి పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని, నోటు పుస్తకం తెరుచుకుని ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఫలానా ఊరి ఫలానా వారు నూటపదహార్లు చదివించారు అని మైకులో చెప్పేవాడు. ఊళ్ళో పద్యనాటకం ఆడేటప్పుడు ఇంకా బాగుండేది. శ్రీకృష్ణుడు రాగం తీస్తుండగా ముందు వరసలోంచి ఓ రైతు లేచి, తలపాగా సర్దుకుని, స్టేజీ ఎక్కి కృష్ణుడి పట్టు కండువాకు పిన్నీసుతో నోటు గుచ్చేవాడు. హార్మోనిస్టు వాయించడం ఆపి ఆయన పేరు చెప్పేవాడు. కృష్ణుడు కిరీటం చేత్తో పట్టుకుని ఓ నమస్కారం పెట్టి, ఆపిన చోటి నుంచే పద్యం ఎత్తుకునేవాడు. ఆ నోటుతో నాటక సమాజం అప్పులేమీ తీరేవి కావు. నీ పద్యం నాదాకా వచ్చింది నాయనా అని చెప్పడానికి ఆ రైతుకు తెలిసిన పద్ధతి అది.

రేడియో ఎప్పుడూ ఒకవైపు నుంచే మాట్లాడుతుంది. వినేవాళ్ళ నుంచి జవాబు రావడానికి ఏదో ఒక దారి కావాలి. మన దగ్గర ఆ దారి ఉత్తరం. కార్డు ముక్క మీద పాట పేరు, సినిమా పేరు, దాని కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి ఆకాశవాణికి పంపేవాళ్ళం. జనరంజని కార్యక్రమంలో పాట మొదలయ్యే ముందు కోరినవారి పేర్ల వరస వచ్చేది. పాట కంటే ఆ వరస కోసమే చెవులు రిక్కించిన ఇళ్ళు ఎన్నో. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగులో వినబడగానే, సముద్రం అవతలి నుంచి ఎవరో చుట్టం పలకరించినట్టు పులకించిపోయిన తరం ఇంకా మన మధ్యే ఉంది. డబ్బు సంగతి వేరే. రేడియోకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళం. అది సర్కారు అడిగింది కాబట్టి కట్టిన డబ్బు, దానికి మన పేరు ఎవరూ మైకులో చదవలేదు.

ఇంతకీ అమెరికాలో ఆ కాలేజీ రేడియోల వాళ్ళు ఇంత కష్టపడి నిలబెట్టుకుంటున్న కార్యక్రమాలేమిటి? న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల రేడియో, డబ్ల్యూకేసీఆర్, డిసెంబరు చివరి రోజుల్లో పండగలా బాఖ్ సంగీతం వేస్తుంది. జాజ్ విద్వాంసుల పుట్టినరోజులకు ఇరవై నాలుగు గంటలూ వాళ్ళ పాటలే. వాళ్ళలో ఒకడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జులై 4న పుట్టానని చెప్పుకునేవాడు. ఆయన పోయాక బాప్తిజం కాగితం బయటపడింది, అందులో 1901 ఆగస్టు 4 అని ఉంది. ఏది నిజమన్న తగాదా ఈ పిల్లలు పెట్టుకోలేదు. రెండు రోజులూ పండగే చేస్తారు.

అక్కడే ఫిల్ షాప్ అని ఒకాయన ఉండేవాడు. 1970లో కొలంబియాలో చదువుకుంటూ ఆ స్టూడియోలో అడుగుపెట్టాడు. చదువు అయిపోయింది, స్టూడియో వదల్లేదు. 1981 నుంచి శని, ఆదివారాలు తప్ప మిగతా ఉదయాల్లో జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఒక్కడి సంగీతం మీదే కార్యక్రమం నడిపాడు. మూడు నిమిషాల పాట వేసి, ఆ రోజు స్టూడియోలో డ్రమ్స్ ఎవరు వాయించారు, ఆ టేకు ఎన్నోది అంటూ అంతకు ఎన్నో రెట్లు సేపు మాట్లాడేవాడు. 2021 సెప్టెంబరులో పోయేదాకా ఆయన అలాగే ఉన్నాడు. లాభం చూసుకునే రేడియో ఏదీ అలాంటి మనిషిని ఒక్క వారం కూడా భరించదు. మూడు తరాల విద్యార్థులు మాత్రం ఆయన పక్కన కూర్చుని వినడం ఎలాగో నేర్చుకున్నారు.

కాలిఫోర్నియాలో, మనవాళ్ళు ఎంతోమంది ఉండే సన్నీవేల్, క్యూపర్టినోలకు దగ్గర్లోనే ఫుట్‌హిల్ కాలేజీ ఉంది. దాని రేడియో కేఎఫ్‌జేసీ. 1983 ఆగస్టులో ఆ పిల్లలు ‘లూయీ లూయీ’ అనే ఒకే పాటను, ఎవరెవరు ఎన్ని రకాలుగా పాడారో అన్నిటినీ పోగుచేసి, 63 గంటలు ఆపకుండా వేశారు. ఎనిమిది వందలకు పైగా రూపాలు దొరికాయి. ఇదేం పిచ్చి అనొచ్చు. ఆ వయసులో ఆ పిచ్చి ఉండాలి. ఒక పాటను అన్ని గంటలు ప్రేమించగలిగిన పిల్లలు తర్వాత ఏ పని పట్టుకున్నా సగంలో వదలరు.

ఇలాంటివి పోయినప్పుడే వాటి బరువు తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కేయూఎస్ఎఫ్ అనే యూనివర్సిటీ రేడియో 2011 జనవరి 18న ప్రసారం నడుస్తుండగానే ఆగిపోయింది. లైసెన్సు అమ్మేశారు. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ పిల్లలు 1967లో హాస్టల్లో మొదలుపెట్టి, 50,000 వాట్ల దాకా పెంచుకున్న కేటీఆర్‌యూ కూడా ఆ ఏడాదే ఏప్రిల్‌లో చేతులు మారింది. ధర 95 లక్షల డాలర్లు. అమ్మినవాళ్ళ అవసరాలు వాళ్ళకుంటాయి, తప్పు పట్టే పని మనకెందుకు? రైస్ పిల్లలు ఇంటర్నెట్‌లో పాటలు వేస్తూ కాచుకుని కూర్చున్నారు. 2015లో వంద వాట్లకు మించని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 96.1 మీదికి మళ్ళీ వచ్చారు. పాత రేడియో ఊరు దాటి ఎంతో దూరం వినబడేది. ఇది క్యాంపస్ చుట్టుపక్కల నాలుగు పేటలకు చేరితే గొప్ప. అయినా పట్టిక వేశారు, గళ్ళన్నీ నింపారు, తెల్లవారుజాముతో సహా.

మన దేశంలో కాలేజీ రేడియో వయసు చిన్నది. మద్రాసులో అన్నా యూనివర్సిటీ వాళ్ళది 2004 ఫిబ్రవరి 1న మొదలైంది, క్యాంపస్‌లో పుట్టిన సామాజిక రేడియోల్లో దేశంలో అదే మొదటిది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు. అది కాలేజీది కాదుగానీ, మైకు ముందు కూర్చోవడానికి డిగ్రీ అక్కర్లేదని అందరికంటే బాగా చూపించింది వాళ్ళే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ 2011లో వచ్చింది. శ్రోతను చేయి చాచి అడిగే అలవాటు మన రేడియోకు ఇంకా లేదు. అడగడంలో చిన్నతనం ఉందని మనవాళ్ళు అనుకుంటారేమో. ఊళ్ళో గుడికి, బడికి, నాటకానికి చందా అడిగినప్పుడు అనుకోలేదే!

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు, అక్కడ స్థిరపడిన అక్కలు, బావలు ఈ నాలుగు ముక్కలు చదువుతుంటే వాళ్ళకు ఒక మాట. కారులో వెళ్ళేటప్పుడు 88కీ 92కీ మధ్య, హ్యూస్టన్‌లో అయితే 96.1 దగ్గర కాస్త ఆగి వినండి. జెర్సీ సిటీలో అయినా, హ్యూస్టన్‌లో అయినా ఏదో ఒక కుర్ర గొంతు తగులుతుంది. తడబడుతుంది, పాట పేరు తప్పు చెప్పి మళ్ళీ సరిదిద్దుకుంటుంది. నచ్చితే వాళ్ళ నిధుల వారంలో పది డాలర్లు పంపి, మీ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పండి. మైకులో దాన్ని పలకడానికి వాళ్ళు కొంచెం అవస్థ పడతారు, పడనివ్వండి. ఇక గచ్చిబౌలి చుట్టుపక్కల ఉన్నవాళ్ళు 90.4 మీద బోల్ హైదరాబాద్ పెట్టి ఓ సాయంత్రం వినండి. విన్నాక ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో ఆ పిల్లలకు ఒక్క ముక్క రాయండి.