కల్లములోనే అమ్ముడుపోయిన రుచి

గడచిన సంక్రాంతికి మా యింట జరిగిన చిన్న ముచ్చటతో ప్రారంభింతుము. విదేశమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు పండుగకు వచ్చి, భోజనానంతరము వసారాలో కూర్చుండి, తాను ఫ్రాన్సు దేశపు ఎఱ్ఱ ద్రాక్షసారా ఒక పెట్టె కొంటిననియు, సొమ్ము చెల్లించి నెలలు గడచినను సరుకు ఇంకను చేతికి రాలేదనియు, మరియొక సంవత్సరమునకు గాని రాదనియు చెప్పెను. వసారాలోని వారందరును ఫక్కున నవ్విరి. “ఏరా, ఇంకా సీసాలోకి ఎక్కని సరుక్కి ముందే డబ్బు కట్టావా? నిన్ను చదివించింది ఇందుకేనా?” అని మా అన్నగారు ఎకసెక్కమాడిరి. అతడు నొచ్చుకొనలేదు. “పెద్దమామయ్యా, మరి మీరు నాట్లు పడకముందే వడ్ల మీద డబ్బు తెచ్చుకుంటున్నారు కదా?” అనెను. నవ్వులు ఆగిపోయినవి. ఎవరో వక్కలపెట్టె వెదకసాగిరి.

ఆ ప్రశ్నకు మాలో నెవ్వరును నాడు బదులు చెప్పలేదు. ఇచ్చట చెప్పదలచితిమి. మద్యపానమును సమర్థించుట మా యుద్దేశము కాదు. ఆ వస్తువును మేము ముట్టినవారము కాము. మాకు కావలసినది ఆ బేరపు పద్ధతి మాత్రమే.

ఫ్రాన్సు దేశమున బోర్డో అను సీమ కలదు. అచ్చట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ద్రాక్ష కోయుదురు. పులియబెట్టిన రసమును సుమారు 225 లీటర్లు పట్టు ఓకు కొయ్య పీపాలలో నింపి, ఏడాది, ఏడాదిన్నర, ఒక్కొక్కచో అంతకు మించియు మాగనిత్తురు. అయితే మరుసటి వసంతమున, మార్చి నెలాఖరులోను ఏప్రిలులోను, దేశదేశముల వర్తకులును రుచి పరీక్షకులును అచ్చటికి పోయి, పీపానుండి తీసిన ఆ పచ్చి సారాను నోట పుక్కిలించి, ఉమిసి, గుణము నిర్ణయింతురు. అప్పటికి అది ముదురు ఊదా రంగున నుండి, నాలుకను పిండునంత వగరుగా నుండునట. ఆ వగరులోనుండి పది, ఇరువది యేండ్ల తరువాతి రుచిని ఊహింపవలెను. పిమ్మట తోటవారు ధర ప్రకటింతురు. దళారుల ద్వారా, వర్తకుల ద్వారా అది కొనుగోలుదారునకు చేరును. సీసాలు చేతికందుట పంట కోసిన రెండేండ్లకు. దీనిని వారు ‘ఆన్ ప్రిమూర్’ బేరమందురు. 1982 నాటి పంటను రాబర్ట్ పార్కర్ అను అమెరికా పరీక్షకుడు పచ్చిగా నుండగానే మెచ్చుకొనగా, ముందు కొనినవారు మిక్కిలి లాభపడిరి. పొరపాట్లును లేకపోలేదు. 1972 నాటి నాసి పంటకు మితిమీరిన ధర పలికి, ఆ పై రెండేండ్లలో బేరము కుప్పకూలినది.

ఇంతవరకు వినినవారు ఇది ధనికుల వినోదమనుకొందురు. అసలు సంగతి దీనికి వెనుక నున్నది. ఇరువదవ శతాబ్ది నడిమి వరకును ఆ బోర్డో తోటలవారు మనవంటివారే. చేత పైకము లేక, కాయ పండకమునుపే, తీగమీద నుండగానే, పంటను నగరమందలి వర్తకులకు అమ్ముకొనెడివారు. వర్తకులు సారాను తమ కొట్లకు తరలించి, తామే మాగవేసి, తామే సీసాలకెత్తి, తమ పేర అమ్ముకొని, మాగిన రుచికి వచ్చు ధరయంతయు తామే తినెడివారు. తోటవానికి మిగిలినది పచ్చి రసపు ధర. 1924లో ఫిలిప్ రోత్‌షిల్డ్ అను యువకుడు తన మూటన్ తోట సారాను తన యింటనే సీసాలకెత్తించెను. మాగుట మా యింటనే జరుగును, మా పేరనే పోవును అని చెప్పుట యన్నమాట. తక్కినవారు ఒక్కరొక్కరుగా ఆ దారి పట్టుటకు దశాబ్దములు పట్టినది. 2012లో లాతూర్ అను మరియొక ప్రసిద్ధమైన తోటవారు మరియొక అడుగు వేసి, ఇకమీదట పచ్చి సరుకును ముందుగా అమ్మము, త్రాగుటకు యోగ్యమైన పిమ్మటనే అమ్ముదుము అని ప్రకటించిరి.

ఇప్పుడు మన సంగతి. మనము స్థిరపడిన ఈ మస్కి సీమ పేరు లోకమునకు తెలిసినది ఒక బండ వలన. 1915లో బంగారపు గనుల ఇంజనీరు బీడన్ కంటబడిన ఆ బండమీది శాసనములోనే చక్రవర్తి అశోకుడన్న తన సొంత పేరుతో మొట్టమొదట దొరికినాడు. ఆనాటికి ఇచ్చట వరి లేదు. ఇది జొన్న సీమ. స్థానికులైన కన్నడ సోదరులు జొన్నలను ‘హగేవు’ అను పాతరలలో, భూమిలోపల, ఏండ్ల తరబడి నిలువచేసెడివారు. కరవు వచ్చినచో పాతర తీసెడివారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై, రమారమి 227 కిలోమీటర్ల ఎడమగట్టు కాలువ కొప్పళ, రాయచూరు సీమలకు నీరు తెచ్చిన పిమ్మట, కృష్ణా, గోదావరి, గుంటూరు, నెల్లూరు మండలములనుండి మన పెద్దలు వచ్చి, నల్లరేగడి చదును చేసి, గుడిసెలు వేసికొని, ఆ గుడిసెల గుంపులకు క్యాంపులని పేరు పెట్టుకొని వరి పండించిరి. వారు రాష్ట్రము మారలేదు గాని రాష్ట్రమే మారినది: హైదరాబాదు సంస్థానమున ఎడ్లబండ్లు దిగినవారు 1956లో మైసూరువారైరి, 1973లో కర్ణాటకమువారైరి. (మెట్టపైర్లకని కేటాయించిన భూములలో మనము వరి వేయుట వలన కాలువ చివరనున్న మాన్వి, రాయచూరు రైతులకు నీరందుట లేదన్న నింద యొకటి కలదు. అందులో నిజమున్నది. దాని విచారణకు ఇది తావు కాదు గాని, కప్పిపుచ్చుట మాకిష్టము లేదు.)

ఆ వచ్చిన పెద్దలు తమతో ఒక అలవాటును తెచ్చిరి. గడ్డివెంటి చుట్టి పురి కట్టుట, గాదె నింపుట. కొత్త వడ్లు దంచి ముందుగా పొంగలి వండి, దేవునికి పెట్టి, నోట వేసికొని, “ఈయేడు గింజ బాగున్నది, ఏడాదికి మంచి అన్నమవుతుంది” అనియో, “పొట్టతెలుపు ఎక్కువగా ఉన్నది, నూక పోతుంది, దీనిని ముందు తినేద్దాము” అనియో తీర్పు చెప్పెడివారు. వైదికులు ఆగ్రయణమన్నను, పల్లెలో కొత్త తినుట యన్నను అది మ్రొక్కుబడి మాత్రమే కాదు. అది రుచి పరీక్ష. బోర్డో వర్తకుడు ఏప్రిలులో పీపా ప్రక్క నిలిచి చేయునదే మా అవ్వ పుష్యమాసమున పొయ్యి ప్రక్క కూర్చుండి చేసెడిది. ఉమియుట ఒక్కటే తక్కువ.

ఈ పరీక్షకు ఆధారము లేకపోలేదు. కొత్త బియ్యము నీరు తక్కువ పీల్చును, గంజి చిక్కగా దిగును, అన్నము ముద్దగా నంటుకొనును. ఆరు మాసములు మొదలు ఏడాది వరకు నిలువ యుంచినచో గింజలోని మాంసకృత్తులు గట్టిపడి పెనవేసికొనును, కొవ్వు కొంత విడిపోయి పిండిపదార్థముతో కలిసికొనును. అందువలన అదే బియ్యము ఎక్కువ నీరు పీల్చి, పొడుగు సాగి, మెతుకు మెతుకుగా విడివడును. పాత బియ్యము లఘువనియు కొత్తది గురువనియు వైద్యులు చెప్పుచుండుట అందరెరిగినదే. బాపట్ల పరిశోధనా కేంద్రమున పుట్టి 1986లో విడుదలయిన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, ఈ గుణమునకు పేరుపడినది. అది మన జిల్లాలనుండి వచ్చినది, మన క్యాంపులలో పండినది, సోనా మసూరి యను పేరుతో బెంగుళూరు వరకు, అంతకవతలకును పోవుచున్నది. గంగావతి సీమకు ‘భత్తద కణజ’, అనగా వడ్ల గాదె యను బిరుదమున్నది. గాదె యని పేరేగాని, మన యిండ్లలో గాదెలు ఏవి?

నేడు జరుగునది చూడుడు. ఎరువుల కొరకు, కౌలు కొరకు, పిల్లల చదువుల కొరకు పైరు నాటకమునుపే కమీషను వ్యాపారి యొద్ద సొమ్ము తెత్తుము. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, తాత్కాలికపు గేటు దింపువరకు, ఈ కాలువ క్రింద నిద్రపోయిన ఇల్లు లేదు. ఆ భయములో సగము పంటను గురించి. తక్కిన సగము, పంట రాకమునుపే తిన్న సొమ్మును గురించి. పంట వచ్చినంతనే కోతయంత్రము దిగును. గింజ పొలమునుండి నేరుగా లారీలోనికి దుముకును. వంద వడ్లలో ఇరువది, ఇరువదిరెండు పాళ్ళు నీరే. గింజను ఎవ్వరును కొరికి చూడరు, ఎవ్వరును వండి చూడరు. ధర చెప్పువాడు సొమ్మిచ్చినవాడు. తరుగు తీయువాడును వాడే.

తేడా ఎచ్చట నున్నదో మా మేనల్లునికి ఇప్పుడు చెప్పగలము. వాడు కొన్న సరుకును అమ్మువాడు మొదట రుచి చూపించును, ధర తానే చెప్పును, తన పేరు సీసాపై వేయును. మనము రుచి చూపము, ధర చెప్పము, పేరు మరచితిమి. వాడు పచ్చి సరుకు కొని పండిన రుచికై వేచియుండును. మనము పచ్చి సరుకు అమ్మి, ఏడాది తరువాత అదే సరుకును ‘పాత సోనా’ అని రంగుల సంచిలో అంగడినుండి కొందుము. నవ్వవలసినవారము మనము కాము.

దీనికి మూడు నాలుగు జవాబులు మేము వినియుంటిమి. ఆరబెట్టినచో తూకము పోవును అనునది మొదటిది. పోవును. ఇరువదిరెండు పాళ్ళ తేమగల 75 కిలోల బస్తా పదునాలుగు పాళ్ళకు ఆరినచో 68 కిలోలగును. ఏడు కిలోలు పోయినవని ఏడ్చువారు, ఆ ఏడు కిలోలు నీళ్ళని వ్యాపారి ఎరుగడనుకొందురా? ఎరిగియే ధర తగ్గించును. ఒక్కొక్కప్పుడు ఏడింటికి పది తగ్గించును. పురుగు పట్టునందురు. తడి గింజకు పట్టును. బాగుగ నెండి, వడ్ల రూపముననే యున్న గింజకు పొట్టే కవచము. చోటు లేదందురు, కార్లు నిలుపుటకు చోటున్నవారే ఈ మాట అనుట మేము చూచితిమి.

కౌలుదారుని మాట వేరు. అప్పుతో నాటి, కోతనాడే కౌలు చెల్లింపవలసిన వానిని ఏడాది నిలువచేయుమనుట పరిహాసము. వానిని మేము తప్పుపట్టము. సొంత భూమి యుండి, అప్పు తీరియుండి, కేవలము శ్రమకు జడిసి అమ్ముకొనువారిని తప్పుపట్టుచున్నాము. అందు మేమును ఉన్నాము. పదునేను సంవత్సరములు మా యింట కొత్త వడ్ల పొంగలి వండలేదు. దుకాణము బియ్యముతో వండితిమి. అయితే పంటనంతయు పట్టియుంచుమని మేము చెప్పుట లేదు. నాలుగవ వంతు చాలును. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదయిన గిడ్డంగిలో వడ్లుంచినచో, వారిచ్చు రసీదును తాకట్టుపెట్టి బ్యాంకులో అప్పు తీసికొనవచ్చును. ఆ దారి ఒంటరి కౌలుదారునకు కష్టము. పది కుటుంబములు కలిసినచో సులభము. వేదికలపై భాషను, పద్యమును నిలుపుకొనవలెనని మనము ప్రసంగించుచుందుము. మంచిదే. పండించినవాడే తన అన్నపు రుచి ఎరుగని యిండ్లలో ఆ ప్రసంగములు వినునదెవరు?

నిరుడు కార్తీకమున మేము పండ్రెండు బస్తాలు ఆరబెట్టి, మేడమీది గదిలో ఉంచితిమి. తేమ సరిగా పోక రెండు బస్తాలు ముక్కిపోయినవి. అవి గొడ్లకు పెట్టితిమి. తక్కిన పదియు నిలిచినవి. వచ్చు సంక్రాంతికి మన సంఘపు భోజనముల వేళ, పులిహోర గంగాళము ప్రక్కన మూడు కుండలు పెట్టుటకు కార్యవర్గమువారి అనుమతి కోరుచున్నాము: ఒకదానిలో ఆ నెల కోసిన కొత్త బియ్యపు అన్నము, ఒకదానిలో మా మేడమీది ఏడాది బియ్యము, ఒకదానిలో అంగడి సంచి బియ్యము. ఏది ఏదో ముందుగా చెప్పము. రుచి చూచినవారు చెప్పవలెను. బియ్యము, కుండలు, కట్టెలు మావే. ఒక మనిషి సాయము మాత్రము కావలెను.