చలి కబురు, వారెంటు కబురు

ఈ వారం నాకు ఒళ్లు మండించింది వాషింగ్టన్ కాదు, మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు. చికాగోలో మా వార్డు ఆల్డర్మన్ ఆఫీసు (ఆల్డర్మన్ అంటే మన కార్పొరేటర్ అనుకోండి) చలికాలం ఉత్తరం ఒకటి పంపింది. మొదటి పేజీలో ఏటా ఉండేవే. ఇంట్లో హీటింగు పనిచేయకపోతే సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి, వార్మింగ్ సెంటర్లు ఫలానా చోట ఉన్నాయి, కాలిబాట మీద మంచు ఎవరి ఇంటి ముందుది వాళ్లే తీయాలి, రాత్రిళ్లు ఫలానా వీధుల్లో కారు పెట్టొద్దు. రెండో పేజీలో ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు తలుపు తడితే ఏం చేయాలో రాశారు. జడ్జి సంతకం ఉన్న వారెంటు చూపించమని అడగండి, మాట్లాడకుండా ఉండే హక్కు మీకుంది, లాయరు కావాలని అడగండి అని.

ఎవరో పుణ్యాత్ముడు దాన్ని గ్రూపులో పెట్టాడు. ఐదు నిమిషాలు తిరక్కుండా ఒక పెద్దమనిషి జవాబు: "మొదటి పేజీ చాలండీ. రెండోది మనకు కాదు. మనం లీగల్." దాని కింద వరసగా బొటనవేళ్లు లేచాయి.

నాకు తెలిసినంతలో ఆ రెండు పేజీలూ ఒకటే. ఊళ్లో ఉన్నవాడు ఊరివాడే అన్న లెక్క మీద నడిచేది మున్సిపాలిటీ. చికాగో హీటింగు చట్టమే చూడండి. సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా, ఉదయం ఎనిమిదిన్నర నుంచి రాత్రి పదిన్నర వరకు అద్దె ఇంట్లో 68 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గకూడదు. రాత్రి పూట 66. మన సెల్సియస్‌లో 20, 19 అనుకోండి. హీటింగు ఇంటి ఓనరు చేతిలో ఉన్న చోటల్లా ఇది అతని బాధ్యత. అద్దెకున్నవాడిది ఏ వీసా, ఎన్నాళ్లుంది అని అడిగే గడి ఆ చట్టంలో ఎక్కడా లేదు.

మరి ఆ చట్టం మనవాళ్లకు అందుతోందా? మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఆరుగురు పిల్లలుండే ఒక బేస్‌మెంటుకి ఈమధ్య వెళ్లాను. గోడకానుకుని పరుపులు, కిటికీ అంచుల చుట్టూ ప్యాకింగ్ టేపు, మధ్యలో కరెంటు హీటరు. హీటరూ రైస్ కుక్కరూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుందట. అందుకని అన్నం ఉడికేంతసేపు హీటరు ఆపేసి దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. మరీ వణుకు పుట్టిన రాత్రి గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి పెడుతున్నారు. చలికాలం ఉత్తరాల్లో ప్రతి ఊరూ చేయొద్దని మొత్తుకునే పని సరిగ్గా అదే. కార్బన్ మోనాక్సైడుకు రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాడికి అది చెప్పి రాదు.

311కి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆరుగురిలో ఒకడు నెమ్మదిగా అన్నాడు: "అంకుల్, లీజులో ఇద్దరి పేర్లే ఉన్నాయి. మిగతావాళ్లం ఊరికే ఉంటున్నాం. ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టరు వస్తాడు, పేర్లు అడుగుతాడు. అవి ఎక్కడికెళ్తాయో ఎవరికి తెలుసు?" ఈ పిల్లలందరికీ చెల్లే వీసాలున్నాయి. గ్రూపు పెద్దమనిషి లెక్కలో వీళ్లూ "మనం లీగల్" కిందికే వస్తారు. రెండో పేజీ చదవక, చదివినా నమ్మక, మొదటి పేజీలోని వెచ్చదనం కూడా పోగొట్టుకున్నారు.

సిటీ ఉద్యోగి ఎవరినీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగకూడదన్న నియమం ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. 1985 మార్చిలో మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ దానికి ఆర్డరు వేశాడు. ఉద్యోగానికో లైసెన్సుకో వచ్చినవాడిని పౌరసత్వం అడిగే అలవాటు మానేయమన్నాడు. విచిత్రమేమిటంటే చికాగో చరిత్రలోకెల్లా ఘోరమైన చలి పడింది కూడా ఆ ఏడాదే. జనవరి 20న మైనస్ 27 ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు మైనస్ 33. రెంటికీ సంబంధం ఉందని నేననను. కానీ ఆ చలి చూసిన ఊరే రెండు నెలలు తిరక్కుండా ఆ మాట అన్నదని గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం. 2006లో అది ఆర్డినెన్సు అయింది, 2012లో, 2021లో ఇంకా బిగించారు. ఇదంతా డెమోక్రాట్ల నాటకమని ఎవరైనా అంటే, ఇల్లినాయ్ రాష్ట్రమంతటికీ వర్తించే, పోలీసుల్ని ఇమ్మిగ్రేషన్ పనికి దూరంగా ఉంచే ట్రస్ట్ యాక్ట్ మీద 2017లో సంతకం పెట్టిన గవర్నర్ బ్రూస్ రౌనర్ రిపబ్లికన్ అని చెప్పండి.

నాది ఒక పాత పిచ్చి ఉంది, ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. దేశాన్ని ఏలేవాడి కంటే వీధిని ఊడ్పించేవాడు ముఖ్యమని నా నమ్మకం. మంచు విషయంలో చికాగో దాన్ని రుజువు చేసింది. 1979 జనవరి నడుమ రెండు రోజుల్లో దాదాపు 20 అంగుళాల మంచు పడింది. మేయర్ మైకేల్ బిలాండిక్ వీధులు బాగుచేశామని చెబుతూ పోయాడు, వీధులేమో మూసుకుపోయే ఉన్నాయి. అంతటితో ఆగినా జనం క్షమించేవారేమో. రైళ్లు త్వరగా తిరగాలని కొన్ని స్టేషన్లలో ఆపకుండా పోనిచ్చారు. ఆ స్టేషన్లు ఎక్కువగా నల్లజాతివాళ్లుండే పేటలవి. చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ల ముందు నుంచే రైలు వెళ్లిపోయింది. ఫిబ్రవరి ప్రైమరీలో వాళ్లు ఓటు పట్టుకుని వచ్చారు. పార్టీ యంత్రాంగమంతా బిలాండిక్ వెనక ఉన్నా ఆయన ఓడిపోయాడు, జేన్ బర్న్ ఆ ఊరి మొదటి మహిళా మేయరైంది. ఇప్పటికీ ఇక్కడ ఏ మేయరైనా మంచు మబ్బు పట్టగానే ఉప్పు లారీల ముందు నిలబడి ఫొటో దిగుతాడు. వాళ్ల భయం పేరు బిలాండిక్.

ఆ రైళ్ల కథ నాకు అస్తమానం గుర్తొస్తుంది. మంచు అందరి మీదా ఒకటేలా పడుతుంది, ఎవరి స్టేషన్‌లో రైలు ఆగాలన్నది మాత్రం ఆఫీసులో కూర్చున్నవాడు తేలుస్తాడు.

అంత మాత్రాన చికాగో సిటీ హాలుకు నేను హారతి పట్టడం లేదు. 2022 ఆగస్టు నుంచి టెక్సస్ గవర్నర్ పంపిన బస్సుల్లోనూ ఇతరత్రానూ 50 వేలమందికి పైగా శరణార్థులు ఈ ఊళ్లో దిగారు. 2023లో చలి మొదలయ్యేసరికి పోలీసు స్టేషన్ల వరండాల్లో, నేల మీద పసిపిల్లలతో పడుకున్నారు. బస్సుల్ని వెచ్చగా ఉంచి వాటిల్లో పడుకోబెట్టారు. "వెల్కమింగ్ సిటీ" అని బోర్డు కట్టుకున్నంత మాత్రాన మంచాలు రావు. సౌత్ షోర్ సంగతి ఇంకా ఘోరం. 2025 సెప్టెంబరు 30 అర్ధరాత్రి దాటాక ఒక ఐదంతస్తుల భవనం మీదికి హెలికాప్టర్‌తో సహా ఫెడరల్ ఏజెంట్లు దిగారు. తలుపులు పగలగొట్టి, అమెరికా పౌరుల్ని కూడా చేతులు కట్టి వీధిలోకి తెచ్చారు. ప్రపంచమంతా ఆ వీడియోలు చూసింది. తర్వాతి కథ చాలామందికి పట్టలేదు. మనుషులుండటానికి పనికిరాని స్థితికి చేరిన ఆ భవనాన్ని డిసెంబరులోగా ఖాళీ చేయమని కోర్టు చెప్పింది. ఏజెంట్లు వదిలిపెట్టినవాళ్లు కూడా సరిగ్గా చలి ముదిరే వేళకు మూటలు సర్దుకోవాల్సి వచ్చింది. ఆ ఇంటి మొదటి పేజీని సిటీ ఏళ్ల తరబడి గట్టిగా అమలు చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

2025 అక్టోబరులో మేయర్ బ్రాండన్ జాన్సన్ ఇంకో ఆర్డరు వేశాడు. సిటీ పార్కింగ్ లాట్లు, గ్యారేజీలు, ఖాళీ స్థలాలు ఇమ్మిగ్రేషన్ దాడులకు మకాములుగా వాడుకోకూడదని. దాని బలమెంత అంటే, పెద్దగా లేదు. ఫెడరల్ ఏజెంటును ఊరి ఆర్డరు ఆపలేదు. నా స్థలంలో నీ బండి పెట్టకు అనగలదు, నా ఉద్యోగి నీకు పేర్లివ్వడు అనగలదు. బేస్‌మెంటులో కుర్రాడికి కావలసింది ఆ రెండో మాటే.

ఇక "మనం లీగల్" దగ్గరికి వద్దాం. 2025 సెప్టెంబరు 8న చికాగో మీద "ఆపరేషన్ మిడ్‌వే బ్లిట్జ్" పేరుతో ఇమ్మిగ్రేషన్ దాడులు ప్రకటించారు. అదే రోజు సుప్రీంకోర్టు లాస్ ఏంజెలిస్ కేసులో కింది కోర్టు పెట్టిన కళ్లేన్ని తీసేసింది. రూపం, యాస, చేసే పని, నిలబడ్డ చోటు, ఇవి మాత్రమే చూసి మనిషిని ఆపొద్దన్న కళ్లెం అది. మనది ఏ రూపం, ఏ యాస? పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయుడు తన రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది పాత చట్టమే, దాన్ని ఇప్పుడు దుమ్ము దులిపి వాడుతున్నారు. మంచు తీయడానికి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఐ-94 కాగితం జేబులో పెట్టుకుని వస్తున్నామా? 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ ఉండే ప్రభుత్వ ఖాతా) రాత్రికి రాత్రి రద్దయ్యాయి, కోర్టుల్లో దెబ్బలు తిన్నాక వెనక్కి తెచ్చారు. ఆ మధ్య రోజుల్లో ఆ పిల్లలు లీగలా, కాదా? హెచ్-1బీ మీదున్నవాడికి ఉద్యోగం పోతే గడువు 60 రోజులు. అరవై ఒకటో రోజున మన పెద్దమనిషి ఏ పేజీ చదువుతాడు?

ఇంకో మాట గ్రూపులో ఎవరూ అనరు. కాగితాల్లేని భారతీయులు 2021 నాటికి అమెరికాలో 7,25,000 మంది అని ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా వేసింది. అప్పటికి మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత మనమే. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని సంకెళ్లతో సైనిక విమానంలో తెచ్చి అమృత్‌సర్‌లో దించినప్పుడు మన గ్రూపుల్లో ఎక్కువగా వినిపించింది "వాళ్లు గుజరాతీలు, పంజాబీలు" అన్న ఊరట. ఆ ఊరటకు నేను సిగ్గుపడ్డాను.

మన తెలుగు సంఘాల సంగతి ఎత్తకూడదనే అనుకున్నాను, ఎత్తక తప్పడం లేదు. రెండేళ్లకో మహాసభ. సినిమా తారలు, శాలువాలు, వేదిక మీద పట్టనంతమంది అధ్యక్షులు. ఎవరైనా పిల్లవాడు చనిపోతే శవాన్ని ఊరికి పంపడానికి చందాలు పోగుచేస్తారు. అది మంచి పనే, కాదనను. బతికుండగా ఆ పిల్లవాడి గదిలో హీటింగు ఉందా లేదా అన్నది మాత్రం ఎవరి ఎజెండాలోనూ నేను చూడలేదు. శీతాకాలం పార్కింగు నియమం మనవాళ్లందరికీ నోటికొచ్చు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా పెద్ద వీధుల్లో కారు కనిపిస్తే లాక్కెళ్తారు, టోయింగుకు కనీసం 150 డాలర్లు, పైన టికెట్టు 60. కారుకున్న కాపలా కుర్రాళ్లకు లేదు.

ఇది అమెరికా నీళ్ల మహిమ కూడా కాదు, మనం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న జబ్బు. వార్డు ఉత్తరం చదివే అలవాటు మనకెక్కడిది? విశాఖపట్నం కార్పొరేషన్‌కు 2012లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. అంత పెద్ద ఊరు తొమ్మిదేళ్లు కార్పొరేటర్లు లేకుండా బతికింది, ఏ కాలనీ సంఘమూ రోడ్డెక్కినట్టు నేను వినలేదు. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, పోలింగు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు పల్లెలకు స్పెషలాఫీసర్లే దిక్కు. ఢిల్లీలో ఎవరు గెలుస్తారో, వాషింగ్టన్‌లో ఎవరు పడిపోతారో గంటలు గంటలు చెప్పగలవాళ్లం, మన వీధి దీపం ఎవరి అధీనంలో ఉందో చెప్పలేం. హైదరాబాద్‌లో కార్పొరేటర్ పేరు తెలియకుండా పాతికేళ్లు పెరిగినవాడు చికాగోలో ఆల్డర్మన్ ఉత్తరం చూసి "మనకు కాదు" అనకపోతే ఆశ్చర్యపోవాలి.

ఆ కుర్రాళ్లు చివరికి ఫోన్ చేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, థర్మామీటరు పెట్టి చూశాడు, ఓనరు పేరు రాసుకున్నాడు. వీసాల గురించి అడగలేదు. ఓనరు బాయిలరు ఇంకా బాగుచేయించలేదు, నోటీసు మాత్రం అందింది.

చికాగోలో పిల్లలున్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ఈ రాత్రి వీడియో కాల్‌లో ఏం తిన్నావని అడిగాక, గదిలో ఎన్ని డిగ్రీలుందో కూడా అడగండి. 68 కంటే తక్కువ చెబితే 311కి ఫోన్ చేయమనండి. శివార్లలో ఉంటే రూలు ఊరూరికీ మారుతుంది కాబట్టి అక్కడి విలేజ్ హాలుకు ఫోన్ చేసి కనుక్కోమనండి. సంఘాల పెద్దలకు మనవి: ఆ ఉత్తరాన్ని రెండు పేజీలూ తెలుగులో అచ్చు వేయించి, అరోరాలోని మన గుడిలోనూ డెవాన్ వీధిలోని మన కొట్లలోనూ అంటించండి. ఖర్చు ఒక శాలువాకయ్యేంత కూడా కాదు.